సర్కస్ గుడారం నుంచి ఇంగ్లండ్ జట్టు దాకా – జిమ్మీ పీటర్స్ జీవితం



వార్షికోత్సవ సంచికకు ఒక గొప్ప వ్యక్తి జీవితం రాయమని కమిటీ వారు అడిగినప్పుడు మాకు చాలా పేర్లు మనసులోకి వచ్చాయి. అంబేద్కర్ గారి గురించి, ఫూలే దంపతుల గురించి, జాషువా గారి గురించి ప్రతి సంచికలోనూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. రాయాలి కూడా. ఈసారి మాత్రం మన హాలు గోడ మీద ఫోటో లేని ఒక మనిషి గురించి రాయాలనిపించింది. ఆయన ఇంగ్లండ్ దేశస్థుడు. పేరు జేమ్స్ పీటర్స్. అందరూ జిమ్మీ అనేవారు. ఆడింది రగ్బీ. మనలో చాలామంది ఆ ఆటను కళ్ళతో చూసి ఉండరు. అయినా ఆయన కథ చదువుతున్నంతసేపూ మాకు మన హాస్టల్ బెల్లు వినబడుతూనే ఉంది. ఎందుకంటే జిమ్మీ కూడా మనలాగే సొంత ఇల్లు కాని ఇంట్లో, పదిమంది పిల్లలతో వరసలో నిలబడి అన్నం తిని పెరిగినవాడు.

ఇంగ్లండ్ దేశం తరఫున రగ్బీ ఆడిన మొట్టమొదటి నల్లజాతీయుడు జిమ్మీ పీటర్స్. ఆ ఒక్క వాక్యంతో ఆయన పేరు చరిత్రలో నిలిచింది. కానీ ఆ వాక్యం వెనక ఒక బాల్యం ఉంది, ఒక చేతిపని ఉంది, రెండుసార్లు మూసుకుపోయిన గేటు ఉంది. మేము చెప్పదలచుకున్నది వాటి గురించే.

సింహాల బోను దగ్గర బాల్యం

జిమ్మీ 1879 ఆగస్టు 7న ఇంగ్లండ్ ఉత్తర భాగంలో మాంచెస్టర్‌ను ఆనుకుని ఉన్న సాల్ఫర్డ్ పట్టణంలో పుట్టాడు. తండ్రి జార్జ్ జమైకా మూలాలు ఉన్న నల్లజాతీయుడు. సర్కస్‌లో సింహాలను ఆడించేవాడు. తల్లి హానా ఇంగ్లండ్‌లోని ష్రాప్‌షైర్ ప్రాంతానికి చెందిన తెల్లజాతి స్త్రీ. జిమ్మీ పసివాడుగా ఉండగానే తండ్రి సింహాలకు శిక్షణ ఇచ్చే బోనులో వాటి దాడికి గురై చనిపోయాడు. సంపాదించే మనిషి పోయాక తల్లికి బిడ్డను సాకే దారి లేకపోయింది. మరో సర్కస్ బృందానికి పిల్లవాడిని అప్పగించింది. జీను లేని గుర్రం మీద నిలబడి విన్యాసాలు చేయడం ఆ పిల్లవాడి పని.

మన ఊళ్ళలో కూడా ఒక పూట తిండి తగ్గుతుందని పిల్లల్ని పాలేరు పనికి కుదిర్చిన తల్లులు ఉన్నారు. ఆ తల్లుల్ని మేము తప్పు పట్టము. జిమ్మీ తల్లినీ తప్పు పట్టము.

పదకొండేళ్ళ వయసులో జిమ్మీ చేయి విరిగింది. చేయి విరిగిన పిల్లవాడు గుర్రం మీద నిలబడలేడు. నిలబడలేనివాడికి తిండి దండగ అనుకున్నారేమో, సర్కస్ వాళ్ళు అతన్ని వదిలేసి వెళ్ళిపోయారు. తండ్రి లేడు, తల్లి దగ్గర లేదు, ఒంట్లో పని చేసే శక్తి లేదు. సరిగ్గా ఆ సమయంలో అతనికి లండన్‌లో ఒక అనాథాశ్రమం తలుపు తెరుచుకుంది. మొదట సదర్క్ ప్రాంతంలోని ఫీగన్ ఆశ్రమంలోనూ, తర్వాత గ్రీనిచ్‌లోని మరో పిల్లల ఆశ్రమంలోనూ పెరిగాడు.

ఆశ్రమం ఇచ్చినవి రెండు

ఆశ్రమం అంటే అదేమీ స్వర్గం కాదు. బెల్లు కొడితే లేవాలి, బెల్లు కొడితే తినాలి, బెల్లు కొడితే పడుకోవాలి. అది మనకు ఎవరూ వివరించి చెప్పనక్కరలేదు. కానీ జిమ్మీకి ఆ ఆశ్రమం రెండు వస్తువులు ఇచ్చింది. అవి జీవితాంతం అతని చేతిలోనే ఉన్నాయి.

మొదటిది చేతిపని. ఆశ్రమం పిల్లలు బయటికి వెళ్ళాక అడుక్కోకూడదని వాళ్ళకు ఏదో ఒక వృత్తి నేర్పేవారు. జిమ్మీ ప్రింటింగ్ ప్రెస్సు పని నేర్చుకున్నాడు. తర్వాతి కాలంలో వడ్రంగి పనిలో స్థిరపడ్డాడు.

రెండవది ఆట. సర్కస్‌లో గుర్రం వీపు మీద నిలబడ్డ కాళ్ళు అవి. తూకం తప్పవు, భయం ఎరగవు. ఆశ్రమం ఆటల పోటీల్లో పరుగు పందేలు, లాంగ్ జంప్, హై జంప్ అన్నీ అతనివే. జట్టు ఆటల్లో తోటి పిల్లలు అతన్నే కెప్టెన్‌గా నిలబెట్టారు. తల్లీతండ్రీ లేని పిల్లవాడికి ముందు నడిచే అలవాటు అక్కడే వచ్చింది.

1898లో జిమ్మీ పని వెతుక్కుంటూ బ్రిస్టల్ నగరానికి వెళ్ళాడు. అప్పటికి పంతొమ్మిదేళ్ళు. చేతిలో పని ఉంది కాబట్టి ఊరు మారగలిగాడు. ఊరు మారాడు కాబట్టి రగ్బీ అతనికి దొరికింది.

రగ్బీ అంటే ఏమిటి

తెలియని తమ్ముళ్ళ కోసం రెండు మాటలు. రగ్బీలో బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. దాన్ని చేత్తో పట్టుకుని పరుగెత్తవచ్చు, కాలితో తన్నవచ్చు. చేత్తో ఇచ్చేటప్పుడు మాత్రం పక్కకో వెనక్కో ఇవ్వాలి గానీ ముందుకు విసరకూడదు. బంతి ఉన్నవాడిని ఎదుటివాళ్ళు కబడ్డీలో పట్టు పట్టినట్టే పట్టి కింద పడేస్తారు. అవతలి గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే దాన్ని ట్రై అంటారు. ఈ రోజుల్లో దానికి 5 పాయింట్లు, జిమ్మీ కాలంలో 3 పాయింట్లు. జట్టుకు 15 మంది.

ఇందులో హాఫ్‌బ్యాక్ అనే స్థానం ఉంటుంది. ముందు వరసలో బలవంతులు తోసుకుంటూ బంతి బయటికి తీస్తారు. వెనక వేగంగా పరుగెత్తేవాళ్ళు కాచుకుని ఉంటారు. ఈ ఇద్దరి మధ్యా నిలబడి, బంతి అందుకుని, రెప్పపాటులో ఎటు ఇవ్వాలో నిర్ణయించేవాడు హాఫ్‌బ్యాక్. మన వాలీబాల్‌లో స్మాష్ కొట్టేవాడికి బంతి లేపి ఇచ్చేవాడు ఎంత ముఖ్యమో ఇక్కడ ఇతను అంత ముఖ్యం. బలం కంటే బుర్ర, బుర్ర కంటే ధైర్యం కావాలి. జిమ్మీ ఆ స్థానంలో ఆడాడు.

బ్రిస్టల్, ఆ తర్వాత ప్లిమత్

బ్రిస్టల్‌లో చిన్న చిన్న క్లబ్బులకు ఆడి, 1900 నాటికి నగరంలోని పెద్ద జట్టు బ్రిస్టల్ క్లబ్బులోకి వచ్చాడు. రాగానే గొడవ మొదలైంది. నల్లవాడిని తీసుకున్నందుకు నిరసనగా క్లబ్బు కమిటీలో ఒక సభ్యుడు రాజీనామా చేశాడు. ఒక తెల్లవాడికి దక్కవలసిన స్థానం ఇతను కాజేశాడన్నట్టు స్థానిక పత్రికలో రాతలు వచ్చాయి. సీటు విషయంలో ఇలాంటి మాటలు మనకు కొత్త కాదు. మన చోటు మనం సంపాదించుకున్నా, అది ఇంకెవరిదో అయినట్టు మాట్లాడేవారు అన్ని దేశాల్లోనూ ఉన్నారని మాకు అప్పుడు అర్థమైంది.

1902లో జిమ్మీ ఇంగ్లండ్ నైరుతి మూలన ఉన్న ప్లిమత్ రేవు పట్టణానికి మారాడు. అక్కడి ఓడల మరమ్మతు కేంద్రంలో వడ్రంగిగా చేరాడు. వారమంతా రంపం, ఉలి, సుత్తి. శనివారం మైదానం. ప్లిమత్ క్లబ్బుకూ, డెవన్ కౌంటీకీ ఆడాడు. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. రఫేల్ జాగో అనే ఆటగాడితో కలిసి హాఫ్‌బ్యాక్ జోడీగా అతను ఆడిన ఆటకు ఆ ప్రాంతమంతా మురిసిపోయింది. 1906లో డెవన్ జట్టు కౌంటీ ఛాంపియన్‌షిప్ గెలుచుకుంది. రేవు కూలీలు, ఓడల పనివాళ్ళు వేల సంఖ్యలో వచ్చి చూసేవారు. వాళ్ళకు జిమ్మీ తమవాడు.

అయితే జనం, పత్రికలు అతన్ని అసలు పేరుతో పిలిచింది తక్కువ. ఒంటి రంగును బట్టి ఒక పేరు తగిలించి దానితోనే పిలిచేవారు. చాలామంది ప్రేమగానే పిలిచి ఉంటారు. మేము హైస్కూల్లో చదివేటప్పుడు హాజరు పట్టీలో మాకు పేర్లు ఉన్నా, క్లాసులో హాస్టల్ వాళ్ళు లేవండి అని పిలిచేవారు. అందులో కోపం లేదు, ద్వేషం లేదు. కానీ లేచి నిలబడేటప్పుడు పక్క బెంచీ వాళ్ళ చూపు మా మీద పడేది. జిమ్మీ ఆ పిలుపును మైదానంలో ప్రతి వారం విన్నాడు.

మన రూపాయలతో చేసిన కప్పు

ఇక్కడ మన దేశానికి సంబంధించిన ఒక విశేషం చెప్పాలి. తెల్లవాళ్ళు 1873లో కలకత్తాలో ఒక రగ్బీ క్లబ్బు పెట్టారు. కొన్నేళ్ళకే అది మూతపడింది. మూసేటప్పుడు బ్యాంకులో మిగిలిన సొమ్మును వెండి రూపాయలుగా తీసుకుని, 270 రూపాయలు కరిగించి ఒక కప్పు చేయించారు. దానికి మూడు నాగుపాముల పిడులు, మూత మీద ఏనుగు బొమ్మ. 1878లో దాన్ని ఇంగ్లండ్ రగ్బీ సంఘానికి ఇచ్చారు. ఇంగ్లండ్, స్కాట్లండ్ జట్లు నేటికీ దానికోసమే పోటీ పడతాయి. పేరు కలకత్తా కప్పు. ఆ పోటీ మొదలైంది 1879లో, అంటే జిమ్మీ పుట్టిన ఏడాదే.

1906 మార్చి 17న స్కాట్లండ్‌లోని ఎడింబరోలో ఆ కలకత్తా కప్పు మ్యాచ్‌లోనే జిమ్మీ మొదటిసారి ఇంగ్లండ్ చొక్కా వేసుకున్నాడు. అంతకుముందే పత్రికలు అతన్ని తీసుకోవాలని రాస్తున్నాయి. ఆటను బట్టి చూస్తే కాదనడానికి ఏమీ లేదు. ఇంగ్లండ్ ఆ మ్యాచ్ 9–3తో గెలిచింది. జిమ్మీ బాగా ఆడాడని రాసిన పత్రికలే, అతని ఎంపిక రంగు కారణంగా అందరికీ నచ్చలేదని కూడా రాశాయి. అయిదు రోజుల తర్వాత మార్చి 22న పారిస్‌లో ఫ్రాన్స్‌తో ఇంగ్లండ్ ఆడిన మొట్టమొదటి మ్యాచ్‌లోనూ జిమ్మీ ఉన్నాడు. ఇంగ్లండ్ 35–8తో గెలిచింది. అందులో జిమ్మీ కూడా ఒక ట్రై చేశాడు.

సర్కస్ వాళ్ళు వదిలేసి పోయిన పిల్లవాడు పదిహేనేళ్ళు తిరిగేసరికి దేశం తరఫున ఆడుతున్నాడు. కథ ఇక్కడ ఆపేస్తే చాలా బాగుంటుంది. సాధారణంగా మన సంచికల్లో ఇక్కడే ఆపేస్తాము. కానీ అలా ఆపితే అబద్ధం చెప్పినట్టవుతుంది.

మొదటిసారి మూసుకున్న గేటు

అదే 1906 చివరలో దక్షిణాఫ్రికా జట్టు మొదటిసారి బ్రిటన్ పర్యటనకు వచ్చింది. జట్టులో అందరూ తెల్లవారే. అక్టోబరులో ప్లిమత్‌లో డెవన్‌తో మ్యాచ్. మైదానంలో వేలాది జనం కిక్కిరిసి ఉన్నారు. డెవన్ జట్టులో జిమ్మీ ఉన్నాడని తెలియగానే దక్షిణాఫ్రికా ఆటగాళ్ళు నల్లవాడితో ఆడబోమని మొండికేశారు. బయట జనం అరుస్తున్నారు. ఆట ఆగిపోతే గొడవ అవుతుందని ఆ దేశ హైకమిషనర్ వెళ్ళి నచ్చజెబితే గానీ వాళ్ళు బయటికి రాలేదని చెబుతారు. ఆట జరిగింది. దక్షిణాఫ్రికా గెలిచింది. కానీ జిమ్మీ ఆడాడు.

ఆ రోజు అతన్ని నిలబెట్టింది డెవన్ జట్టు, ప్లిమత్ జనం. అది గుర్తు పెట్టుకోవాలి.

డిసెంబరు 8న లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్‌లో అదే దక్షిణాఫ్రికాతో ఇంగ్లండ్ మ్యాచ్. అంతకుముందు ఆడిన రెండు మ్యాచ్‌లూ గెలిచిన జట్టులోని హాఫ్‌బ్యాక్ పేరు ఈసారి జాబితాలో లేదు. జిమ్మీకి గాయం కాలేదు. ఆట తగ్గలేదు. నీ రంగు వల్లే తీసేశామని అతనికి ఎవరూ కాగితం రాసి ఇవ్వలేదు. పేరు తీసేశారు, అంతే. ఆ మ్యాచ్ 3–3తో సమానంగా ముగిసింది.

తమ్ముళ్ళారా, ఇది చదివినప్పుడు మాకు మా ఊరి సంక్రాంతి టోర్నమెంటు గుర్తొచ్చింది. మేము ఇంటర్ చదివే రోజులవి. ఊళ్ళో వాళ్ళలో వాళ్ళు ఆడుకునేటప్పుడు మేము బౌలింగ్ చేయాలి, ఎండలో బౌండరీ దగ్గర ఫీల్డింగ్ చేయాలి. పై ఊరి జట్టు వచ్చి, పెద్దలు కుర్చీలు వేసుకుని కూర్చున్న రోజున మాత్రం పదకొండు మంది సరిపోయారని చెప్పేవారు. ఎందుకు అని అడిగితే చెప్పడానికి ఎవరి దగ్గరా మాట ఉండేది కాదు. చాలాకాలం మా బౌలింగ్‌లోనే ఏదో లోపం ఉందనుకున్నాం. కారణం చెప్పకుండా పక్కన పెట్టడంలో ఉన్న విషం అదే. పక్కన పెట్టినవాడు హాయిగా నిద్రపోతాడు. పక్కన పడినవాడు రాత్రంతా తన తప్పేమిటా అని వెతుక్కుంటాడు.

జిమ్మీ మాత్రం ఆట వదలలేదు. దక్షిణాఫ్రికా వాళ్ళు ఓడెక్కి వెళ్ళిపోయాక, 1907లో ఇంగ్లండ్ మళ్ళీ అతన్ని పిలిచింది. ఐర్లండ్‌తో, స్కాట్లండ్‌తో ఆడాడు. పిలిచారంటే ఆట తగ్గలేదని వాళ్ళే ఒప్పుకున్నట్టు. చివరిగా 1908 జనవరిలో వేల్స్‌తో మ్యాచ్. అది జరిగింది బ్రిస్టల్‌లో. నల్లవాడని కమిటీ సభ్యుడు రాజీనామా చేసిన ఆ ఊళ్ళోనే జిమ్మీ ఇంగ్లండ్ చొక్కాతో మైదానంలోకి దిగాడు. ఆ రోజు పట్టిన దట్టమైన పొగమంచులో జనానికి ఆటగాళ్ళు సరిగా కనబడనే లేదు. ఇంగ్లండ్ 28–18తో ఓడిపోయింది. మొత్తం 5 మ్యాచ్‌లు, 2 ట్రైలు. దేశం తరఫున అతని లెక్క అంతే.

కూలి పోగొట్టుకుని ఆడే ఆట

ఇప్పుడు రెండో గేటు సంగతి. దీన్ని అర్థం చేసుకోవాలంటే ఆనాటి రగ్బీలో డబ్బు సంగతి తెలియాలి.

ఆ ఆటను నడిపే పెద్దలు ఎక్కువమంది ఖరీదైన స్కూళ్ళలో చదువుకున్న కలవారి బిడ్డలు. ఆటకు డబ్బు తీసుకోవడం నీచమని వాళ్ళ సిద్ధాంతం. వినడానికి ఎంతో పవిత్రంగా ఉంటుంది. కానీ ఉత్తర ఇంగ్లండ్‌లో ఆడేవాళ్ళు బొగ్గుగనుల కూలీలు, మిల్లు కార్మికులు. వాళ్ళకు శనివారం పొద్దున కూడా పని ఉండేది. దూరం ఊరికి మ్యాచ్‌కు వెళితే ఆ పూట కూలి పోతుంది. జీతం అడగలేదు వాళ్ళు. పోయిన కూలి ఇప్పించమన్నారు. 1893లో లండన్‌లో జరిగిన సమావేశంలో రగ్బీ సంఘం ఆ కోరికను ఓట్లతో ఓడించింది. 1895 ఆగస్టు 29న ఉత్తరాది క్లబ్బులు ఇరవైకి పైగా హడర్స్‌ఫీల్డ్ పట్టణంలో ఒక హోటల్లో కూడి, పాత సంఘం నుంచి విడిపోయి నార్తర్న్ యూనియన్ పెట్టుకున్నాయి. పోయిన రోజు కూలికి బదులు ఆరు షిల్లింగుల దాకా ఇవ్వవచ్చని ఒప్పుకున్నాయి. అదే తర్వాత రగ్బీ లీగ్ అయింది. జట్టుకు 13 మందే. పాత సంఘంలోనిది రగ్బీ యూనియన్. యూనియన్ ఆటగాడు ఎవరైనా డబ్బు ముట్టాడని తేలితే, లేదా లీగ్ వైపు అడుగు వేస్తే అతనికి యూనియన్ తలుపులు మూసేసేవారు.

మా హాస్టల్ రోజుల్లో మా కంటే ఒక క్లాసు పై అన్న ఒకడు ఉండేవాడు. కబడ్డీలో అతను కూతకు వెళితే ఎదుటి కోర్టు సగం ఖాళీ అయి తిరిగొచ్చేది. జోనల్ పోటీల్లో ఆడి జిల్లా జట్టుకు ఎంపికయ్యాడు. వారం రోజులు క్యాంపు. సరిగ్గా అప్పుడే మిరపకాయ కోతలు. ఇంటి దగ్గర నుంచి కబురు వచ్చింది. అమ్మకు ఒంట్లో బాగాలేదు, కోతకు ఒక మనిషి తగ్గితే అప్పు వడ్డీ కట్టలేరు. ట్రంకుపెట్టె తాళం వేసి, మాకు ఇచ్చి, బస్సెక్కాడు. క్యాంపుకు వెళ్ళలేదు. ప్రయాణం చార్జీలు, భోజనం ఇస్తామన్నారు గానీ, పోయే కూలి లెక్క ఎవరి ఫారంలోనూ లేదు. ఆట మీద ప్రేమ ఉంటే చాలు అనేవాళ్ళు ఆ కూలి లెక్క ఒక్కసారైనా వేయాలి. 1893లో లండన్ పెద్దలు వేయనిది కూడా ఆ లెక్కే.

రెండోసారి మూసుకున్న గేటు

1910 ప్రాంతంలో ఓడల మరమ్మతు కేంద్రంలో జరిగిన ప్రమాదంలో జిమ్మీ చేతి వేళ్ళు మూడు తెగిపోయాయి. వడ్రంగికి వేళ్ళే అన్నం. బంతిని చేత్తో అందుకుని చేత్తో ఇవ్వవలసిన హాఫ్‌బ్యాక్‌కూ వేళ్ళే ప్రాణం. అంతటితో ఆట అయిపోయిందని అందరూ అనుకున్నారు. జిమ్మీ మిగిలిన వేళ్ళతో మళ్ళీ బంతి పట్టాడు. ముప్పై దాటిన వయసులో, ఆ చేత్తోనే ఇంకా రెండేళ్ళు ప్లిమత్‌కు ఆడాడు.

1912లో డెవన్ ప్రాంతంలో ఆటగాళ్ళకు డబ్బు ముడుతోందని రగ్బీ సంఘం విచారణ జరిపింది. కొన్ని క్లబ్బులను, కొందరు ఆటగాళ్ళను సస్పెండ్ చేసింది. వాళ్ళలో జిమ్మీ కూడా ఉన్నాడు. మొదటిసారి రంగు అడ్డం వచ్చింది, ఆ సంగతి ఎవరూ పైకి చెప్పలేదు. రెండోసారి పేదరికం అడ్డం వచ్చింది, దానికి మాత్రం రూలు పుస్తకం ఉంది. దేశం కోసం ఆడినవాడు, వేళ్ళు పోగొట్టుకున్న పనివాడు, నాలుగు రాళ్ళు తీసుకున్నాడన్నది నేరమైపోయింది.

అప్పుడతనికి 33 ఏళ్ళు. ఆ వయసులో ఎవరైనా ఇంటికి వెళ్ళి కూర్చుంటారు. జిమ్మీ 1913లో దేశం ఒక మూల నుంచి ఇంకో మూలకు, ఉత్తరాన బారో పట్టణానికి వెళ్ళాడు. అదీ ఓడలు కట్టే ఊరే. అక్కడ రగ్బీ లీగ్ జట్టులో చేరి బహిరంగంగా, తలెత్తుకుని, డబ్బు తీసుకుని ఆడాడు. 1914లో సెయింట్ హెలెన్స్ జట్టుకు మారాడు. ఎక్కువ కాలం ఆడలేదు. వయసు, చేయి రెండూ సహకరించలేదు. కానీ జీవితాంతం దాచి చేయవలసి వచ్చిన పనిని చివర్లో కొన్నాళ్ళు దాచకుండా చేశాడు. మాకు ఆ 5 ఇంగ్లండ్ మ్యాచ్‌ల కంటే ఇది తక్కువగా కనబడలేదు.

తర్వాత ప్లిమత్‌కే తిరిగి వచ్చి సాధారణ మనిషిగా బతికాడు. 1954 మార్చి 26న, 74 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు.

ఆయన తర్వాత

జిమ్మీ చివరి మ్యాచ్ 1908లో. ఇంగ్లండ్ జట్టులో మరో నల్లజాతీయుడు కనబడింది 1988లో. ఆయన పేరు క్రిస్ ఓటీ. మధ్యలో 80 ఏళ్ళు. ఒకడు తలుపు తోసుకుని వెళ్ళినంత మాత్రాన ఆ తలుపు తెరిచి ఉండదు. వెనక వచ్చేవాడు లేకపోతే అది మళ్ళీ మూసుకుంటుంది.

ఆటకు డబ్బు తీసుకోవడం తప్పు కాదని రగ్బీ యూనియన్ ఒప్పుకున్నది 1995 ఆగస్టులో. హడర్స్‌ఫీల్డ్ హోటల్లో పనివాళ్ళ క్లబ్బులు విడిపోయి సరిగ్గా నూరేళ్ళు. ఈనాడు రగ్బీ ఆటగాళ్ళు కోట్లు సంపాదిస్తున్నారు. వాళ్ళలో ఎవరినీ నీచుడని ఎవరూ అనడం లేదు.

జిమ్మీతో ఆడబోమన్న దక్షిణాఫ్రికాకు 2018లో మొదటిసారి నల్లజాతి టెస్ట్ కెప్టెన్ వచ్చాడు. పేరు సియా కొలిసి. పేదల వాడలో పుట్టి, స్కాలర్‌షిప్పు మీద పెద్ద స్కూల్లో చదివినవాడు. 2019 నవంబరు 2న జపాన్‌లో జరిగిన ప్రపంచకప్ ఫైనల్లో అతని జట్టు ఇంగ్లండ్‌నే 32–12తో ఓడించింది. ఆ రోజు రెండు జట్లలోనూ నల్లజాతి ఆటగాళ్ళు ఉన్నారు. జిమ్మీ అది చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

మనకు మిగిలేది

మా ఇంట్లో మాకంటే ముందు డిగ్రీ చదివినవారు లేరు. పి.జి.లో చేరిన రోజు మా నాన్న గేటు బయటే నిలబడిపోయాడు. లోపలికి రావచ్చని మేము చెప్పినా చాలాసేపు నమ్మలేదు. ఆ గేటు ముందు నిలబడిన నాన్నే ఈ కథ రాస్తున్నంతసేపూ మా కళ్ళ ముందున్నాడు.

తమ్ముళ్ళారా, జిమ్మీ కష్టపడ్డాడు కాబట్టి చివరికి న్యాయం జరిగిందని మేము చెప్పడం లేదు. ఆయన బతికుండగా న్యాయం జరగలేదు. మేము చెప్పేవి మూడే మాటలు.

జాబితాలో మీ పేరు లేకపోతే, కారణం ఎవరూ చెప్పకపోతే, ముందుగా మిమ్మల్ని మీరు తిట్టుకోవద్దు. అడగండి. ఒక్కరే అడగలేకపోతే పదిమంది కలిసి అడగండి. ప్లిమత్‌లో జిమ్మీ వెనక ఒక జట్టు ఉంది కాబట్టే ఆ ఆట జరిగింది.

హాస్టల్లో ఉన్నన్నాళ్ళూ చేతికి ఒక పని, ఒంటికి ఒక ఆట నేర్చుకోండి. చదువుతో పాటు ఈ రెండూ ఉంటే, ఒక ఊరు కాదంటే ఇంకో ఊరు వెళ్ళగలరు. ఆశ్రమం జిమ్మీకి ఇచ్చిన ఆస్తి అంతే. దానితోనే 33 ఏళ్ళ వయసులో కూడా కొత్త గేటు వెతుక్కున్నాడు.

ఇక పూర్వ విద్యార్థులైన అన్నలకు ఒక విన్నపం. మిరప కోతలకు వెళ్ళిపోయిన ఆ అన్న ఇప్పుడు ఆటో నడుపుకుంటున్నాడు. ఈసారి వార్షికోత్సవానికి వస్తానన్నాడు. అతనికి మనం ఇప్పుడు ఏ క్యాంపూ తిరిగి ఇవ్వలేము. కానీ ఈ ఏడాది మన హాస్టల్ నుంచి ఏ తమ్ముడైనా జోనల్ దాటి ఎంపికైతే, ఆ వారం రోజుల ఇంటి కూలి మనందరం వేసుకుని పంపుదాం. దానికి పెద్ద సంఘం అక్కరలేదు, ఒక నోటుబుక్కు చాలు. మొదటి పేజీలో మొదటి పేరు మాది రాసుకోండి.